తడిసిన కాయితాలు

మొన్న వాన వెలిశాక అటకమీది ట్రంకుపెట్టె దింపించాను. గోడకి చెమ్మ ఊరుతోంది, లోపలివి పాడవకముందే గాలికి పెడదామని. మూత తీసేసరికి వాసన గుప్పుమంది. ఒకసారి బాగా తడిసి, ఆరి, ఆ తరవాత ఏళ్ళ తరబడి మూతపడి ఉన్న కాయితం వాసన. అందులో సన్నగా పొగ వాసన కూడా కలిసి ఉంది. నాన్న పుస్తకాలవి. మూర్ మార్కెట్ తగలబడ్డాక కొన్నవి. నాన్న పోయినప్పటినించీ ఆ పెట్టె ఎవరమూ ముట్టుకోలేదు.

మాది గూడూరు దగ్గర పల్లె. నాన్న పెళ్ళికి ముందే మద్రాసు వచ్చేసి, వడపళనిలో ఒక ప్రెస్సులో తెలుగు కంపోజిటరుగా కుదురుకున్నారు. ఆ రోజుల్లో కోడంబాక్కం నించి సాలిగ్రామం దాకా ఆర్కాట్ రోడ్డు పొడుగునా తెలుగు వినబడేది. స్టూడియోలు, ల్యాబులు, పత్రికలు, వాటిని నమ్ముకుని వచ్చిన కుటుంబాలు. సినిమావాళ్ళు ఒక్కొక్కరే హైదరాబాదు వెళ్ళిపోయినా మేం కదల్లేదు. అశోక్ నగర్‌లో ఇల్లు. నేనిక్కడే చదువుకుని, ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో క్యాషియరుగా చేరి, ఇక్కడే వీఆర్ఎస్ తీసుకున్నాను. నాన్నది అచ్చు కాయితం. నాది నోట్లూ పాసుబుక్కులూ. ఈ ఊరికి వచ్చిన ఆపదలు అందరూ టీవీలో చూసినవే. నేను దగ్గరగా చూసింది ఆ తరవాతి సంగతి. నీళ్ళు తీశాక, మంటలు ఆరాక, జనం చేత పట్టుకుని వచ్చిన కాయితాలు. ఆ పెట్టె ముందు కూర్చుంటే అవే వరసగా గుర్తొచ్చాయి.

* * *

మూర్ మార్కెట్ అంటే ఇప్పటివాళ్ళకి సబర్బన్ రైళ్ళ స్టేషను. మాకది ఆదివారం. సెంట్రల్ పక్కనే, రిప్పన్ బిల్డింగు దగ్గర, ఎర్ర ఇటుకల కట్టడం. తెల్లవాళ్ళ కాలంలో కార్పొరేషన్ పెద్ద సర్ జార్జ్ మూర్ పేరు పెట్టారు, 1900లో తెరిచారు. ఒక పక్క రంగు చేపలు, పంజరాల్లో పిట్టలు, కుక్కపిల్లలు. ఇంకోపక్క గ్రామఫోను ప్లేట్లు, గడియారాలు, ఇత్తడి సామాను. నాన్న వీటి దేనివైపూ చూసేవారు కాదు. నా చెయ్యి పట్టుకుని తిన్నగా పాత పుస్తకాల వరసలోకి.

అక్కడొక భాయి తెలుగు పుస్తకాలన్నీ ఏరి విడిగా గోనెపట్టా మీద పెట్టి ఉంచేవాడు. నాన్న ఒక్కొక్కటీ తీసి, ముందు వీపు కుట్టు చూసి, తరవాత ఏ ప్రెస్సులో అచ్చయిందో చూసి, ఆఖర్న ధర అడిగేవారు. భాయి చెప్పిన ధరకి నాన్న కొన్నదీ లేదు, నాన్న అడిగిన ధరకి భాయి ఇవ్వనిదీ లేదు. మధ్యలో ఇద్దరూ అరగంట మాట్లాడుకునేవాళ్ళు, భాయి అరవంలో, నాన్న తెలుగులో. నాకు బయట ఒక గ్లాసు నన్నారి (సుగంధి) షర్బత్ దొరికేది.

1985 మే నెలాఖరున అది తగలబడిపోయింది. మాకు ఎండాకాలం సెలవులు. పొద్దున పాలు పోసేవాడు చెప్పాడు. నాన్న ప్రెస్సుకి వెళ్ళకుండా అటే వెళ్ళారు, మధ్యాహ్నం దాటాక వచ్చారు. వచ్చి కాళ్ళు కడుక్కోకుండానే గుమ్మంలో కూర్చుండిపోయారు. "భాయి కనబడలేదే" అని మాత్రం అమ్మతో అన్నారు.

కొన్నాళ్ళకి సెంట్రల్ ఎదురుగా పేవ్‌మెంట్ మీద, మిగిలిన సరుకు కుప్పలు పోసి అమ్మారు. అంచులు కాలినవి కొన్ని. చాలావాటికి నిప్పు తగలనేలేదు, ఫైరింజన్ల నీళ్ళకి తడిసి ముద్దయ్యాయి. నాన్న గోనెసంచుల నిండా వేసుకుని రిక్షాలో తెచ్చేశారు. ఆ నెల జీతంలో ఎంత దానికి పోయిందో అమ్మ చాలాకాలం లెక్క చెప్పింది. అయినా డాబా మీద ఆరబెడదామని చాప పట్టుకుని మొదట బయల్దేరింది అమ్మే.

"ఎండలో వద్దు" అన్నారు నాన్న. "ఎండలో పెడితే కాయితం ముడుచుకుపోతుంది, పెళుసెక్కి విరుగుతుంది. నీడా గాలీ కావాలి దీనికి."

ఆ వారమంతా మా ముందుగది నడవడానికి లేదు. ముందు పుస్తకాన్ని నిలువుగా నిలబెట్టి, నీళ్ళు వాటంతట అవే కిందికి దిగనివ్వాలి. అంటుకున్న పేజీల జోలికి పోకూడదు. తరవాత పడుకోబెట్టి, కాసిని పేజీలకొక చోట ఏమీ అచ్చుపడని న్యూస్‌ప్రింటు ముక్క. ప్రెస్సులో రీలు చివర మిగిలిన తుంపులు తెచ్చారు నాన్న. ఆ ముక్క తడి పీల్చుకున్నాక తీసి ఇంకొకటి. ఫ్యాను తిన్నగా దానిమీద కాదు, పక్కనించి తగలాలి. కాస్త చెమ్మ ఉండగానే, పూర్తిగా ఆరకముందే, కొబ్బరి ఈనె సన్నగా చెక్కి పేజీల మధ్యకి జారవిడిచి విడదీయాలి. మరీ తడిగా ఉంటే చిరుగుతుంది, మరీ ఆరితే అట్టయిపోతుంది. ఆ మధ్య అదను వేలికి తెలియాలి. నాన్న నా వేలు పట్టుకుని పేజీ అంచుకి ఆనించి, "ఇదుగో, ఇప్పుడు" అనేవారు. నాకది ఇప్పటికీ తెలుసు.

భాయి కొంతకాలానికి కనబడ్డాడు. అక్కడి వ్యాపారులకి పక్కనే లిల్లీ పాండ్ దగ్గర కట్టిన కాంప్లెక్సులో కొట్లు ఇచ్చారు. నాన్న అక్కడికీ వెళ్ళేవారు గానీ ఎక్కువసేపు ఉండేవారు కాదు. ఇప్పుడు స్టేషను ముందు ఆ పాత కట్టడానికి చిన్న నమూనా ఒకటి కట్టిపెట్టారు. లోకల్ రైలు దిగి వచ్చేవాళ్ళు దాని పక్కనించి గబగబా వెళ్ళిపోతుంటారు.

* * *

నీళ్ళు లేకపోవడం గురించి ఈ ఊళ్ళో ఎవర్ని కదిపినా చెబుతారు. వీధి చివర చేతిపంపు, తెల్లవారుజామున దాని కీచుమనే చప్పుడు, రంగురంగుల ప్లాస్టిక్ బిందెల వరస, లారీ హారను వినబడగానే స్నానం మధ్యలో వదిలేసి పరిగెత్తడం. మా వీధిలో ఇంటికి ఇన్ని బిందెలని చీటీలు పంచేవాళ్ళు. ఆ చీటీలు నాన్న తెచ్చిన పెళ్ళికార్డుల అట్టముక్కల మీద రాసినవే. గట్టి అట్ట, తడిచేత్తో పట్టుకున్నా త్వరగా నానదు. వెనకవైపు సగం తెగిన "శ్రీరస్తు" ఉండేది.

1983లో ఎన్టీ రామారావు, ఎంజీఆర్ తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నప్పుడు మా పైవాటా మామి, అదేదో నాన్న స్వయంగా పంపిస్తున్నట్టు, "మీ కృష్ణ ఎప్పుడు వస్తుంది?" అని అడగడం మొదలుపెట్టింది. శ్రీశైలం నించి సోమశిల, కండలేరు మీదుగా పూండి దాకా రావాలి కదా మామీ అని నాన్న ఓపికగా చెప్పేవారు. అలా పదమూడేళ్ళు అడిగింది. 1996లో నీళ్ళు పూండికి చేరాయి. మామి ఆ రోజు మాకు చక్కెర పొంగలి పంపింది. ఆ తరవాత కూడా 2003లో, 2019లో చెరువులన్నీ అడుగంటాయి, 2019లో అయితే జోలార్‌పేట నించి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చారు. అయినా మామికి నాన్నమీద ఉన్న ఆ నమ్మకం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ప్రాణం సంతోషిస్తుంది.

* * *

సునామీ వచ్చినప్పుడు నేను పనిచేస్తున్న బ్రాంచి శాంతోమ్ వైపు. 2004 డిసెంబరు 26, ఆదివారం. పొద్దున ఆరున్నర ప్రాంతంలో మా వంటింట్లో గిన్నెల స్టాండు గలగలమంది. ఎలక అనుకున్నాం. తొమ్మిది దాటాక ఫోన్లు. మెరీనాలో నడకకి వెళ్ళినవాళ్ళు, క్రికెట్ ఆడుకునే పిల్లలు, చేపలమ్మే ఆడవాళ్ళు. పట్టినపాక్కం, శ్రీనివాసపురం, నొచ్చికుప్పం. అన్నీ మా కస్టమర్లు ఉండే పేర్లు.

సోమవారం బ్రాంచి తలుపు తీసేటప్పటికే మెట్లమీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎవరూ అరవడం లేదు, తోసుకోవడం లేదు. ఒకామె లోపలికి వచ్చి కొంగు ముడి విప్పి పాసుబుక్కు తీసి కౌంటరు మీద పెట్టింది. దాన్ని తెరవబోతే తెరుచుకోలేదు. పక్కకి వంచితే పేజీల మధ్యనించి నల్లని సన్న ఇసుక జారింది. చెత్తబుట్టలోకి తోసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. ఒక కవరులోకి తీశాను, ఎందుకు తీశానో చెప్పలేను.

కొత్త పాసుబుక్కు ఇవ్వడం మాకు పెద్ద పనికాదు. కంప్యూటర్లో లెక్క ఉండనే ఉంది. కానీ వాళ్ళకి ఆ పాతదే కావాలి. వరసగా అందరూ అదే మాట. ఇది ఆరబెట్టి ఇవ్వమ్మా. ఒకామె పాసుబుక్కులో పోయిన కొడుకు ఫోటో ఉంది. ఒకామె భర్త వేలిముద్ర. మేనేజరుగారు ఒప్పుకున్నారు. రికార్డు రూములో బల్లలు జరిపి, టేబుల్ ఫ్యాను గోడవైపు తిప్పి, పక్కల చిల్లులుండే కంప్యూటర్ కాయితం ముక్కలు చేసి పేజీల మధ్య పెట్టుకుంటూ వచ్చాను. ఇంటినించి కొబ్బరి ఈనెలు తెచ్చుకున్నాను. సాయంత్రం నాన్న ఫోన్ చేసి, "ఉప్పునీళ్ళు కదా, ముందు మంచినీళ్ళలో ఒక్కసారి ముంచి తియ్యి, లేకపోతే చెమ్మ వదలదు" అని చెప్పారు. సిరా పేర్లున్నవి మాత్రం ముంచలేదు.

ఆ వారం ఒకామె అన్నమాట ఇది. "నీ దగ్గర కుదువ పెట్టినవే మిగిలాయమ్మా. ఒంటిమీదవి, ఇంట్లోవి కడలమ్మ తీసేసుకుంది." ఆమె కమ్మలు మా స్ట్రాంగ్‌రూములో ఉన్నాయి. వడ్డీ కట్టలేక ఆ పండక్కి విడిపించుకోలేకపోయింది, అందుకని ఉన్నాయి. రసీదు పోయింది. రసీదు లేకుండా నగ ఇవ్వాలంటే అర్జీ, జామీను, సాక్షి సంతకం. సాక్షిగా తీసుకొచ్చే మనుషులు ఆమెకి మిగలలేదు. బ్రాంచిలో చెక్కులు వేయడానికి వచ్చిన ఒక స్కూలు మాస్టారు అది విని తనంతట తానే సంతకం పెట్టారు.

ఆ గురువారం, 30వ తేదీ, మళ్ళీ సముద్రం వస్తోందని ఢిల్లీనించి హెచ్చరిక. శాంతోమ్ హైరోడ్డు మీద జనం పిల్లల్ని చంకన వేసుకుని పరుగులు. మేం క్యాషు లోపల పెట్టి తాళం వేశాం. ఏమీ రాలేదు, ఆ హెచ్చరిక తరవాత వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ ఆడవాళ్ళలో కొందరు పరిగెత్తింది రోడ్డు మీదకి కాదు, బ్రాంచిలోకి. ఆరబెట్టిన పాసుబుక్కులు ఇప్పించమని.

* * *

ఇక రాయాల్సింది అక్క గురించి. మా ఇంట్లో నా చిన్నప్పటినించీ పనిచేసిన మనిషి. నాయుడుపేట వైపునించి వచ్చి జాఫర్‌ఖాన్‌పేటలో, అడయార్ ఏటి గట్టున గుడిసె వేసుకుని ఉండేది. నన్ను పాపా అంటుంది, ఇప్పటికీ.

2005 వానాకాలం వాయుగుండాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. గుడిసెలు మునిగినవాళ్ళకి ప్రభుత్వం సాయం ప్రకటించింది. డబ్బు, బియ్యం, బట్టలు. దానికి ముందు టోకెను తీసుకోవాలి. టోకెనుకి రేషన్ కార్డు. నవంబరులోనే వ్యాసర్‌పాడిలో తోపులాట జరిగి ఆరుగురు పోయారు. అది చూసిన తరవాత కూడా ఏర్పాటు మార్చలేదే అన్న కోపం నాకు ఇన్నేళ్ళయినా తగ్గలేదు.

డిసెంబరు 18 ఆదివారం ఎంజీఆర్ నగర్‌లో టోకెన్లు ఇస్తారని చెప్పారు. ఇదే ఆఖరని ఎవరో పుట్టించారు. ముందు రాత్రే జనం వెళ్ళి గేటు దగ్గర కూర్చున్నారు. తెల్లవారకముందే వాన అందుకుంది. గేటు తెరిచేసరికి వెనకనించి ఒక్క తోపు. నలభై ఇద్దరు చనిపోయారు. మా ఇంటికి అది నడిచివెళ్ళే దూరం. అంబులెన్సుల కూతకే లేచాం.

అక్క అక్కడికి వెళ్ళిందని మాకు తెలుసు. అమ్మ వీధిగుమ్మంలో నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. ఎనిమిదింటికి, రోజూ వచ్చే వేళకే, అక్క వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు. చీర మోకాళ్ళదాకా బురద. అమ్మని చూసి, "గిన్నెలు బయట వేశారా అమ్మా" అంది. అమ్మ ఏడుస్తూ ఆమె భుజాలు పట్టుకుని పీటమీద కూర్చోబెట్టింది. కాఫీ ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయింది. ఎడమచెయ్యి పిడికిలి తెరుచుకోవడంలేదు. నాన్న పక్కన కూర్చుని ఒక్కొక్క వేలూ విడదీశారు. పాల కవరులో చుట్టిన రేషన్ కార్డు. కవరు చిరిగి లోపలికి నీళ్ళు పోయాయి.

"పక్క గుడిసామె నా చెయ్యి పట్టుకొనుండింది అన్నా. ఎప్పుడు వదిలిందో తెలీలేదు. కార్డు మాత్రం నేను వదల్లేదు" అంది. ఆ పక్క గుడిసె మనిషి తిరిగి రాలేదు.

నాన్న ఆ కార్డు బల్లమీద పెట్టి, న్యూస్‌ప్రింటు వేసి, ఆ ఆదివారమంతా దాని దగ్గరే ఉన్నారు. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. సాయంత్రానికి పేర్లు చదవడానికి వచ్చాయి. అక్క పేరు, భర్త పేరు, పిల్లల పేర్లు, గోధుమలు తీసుకున్నట్టు నెలల గళ్ళలో ముద్రలు. నాన్న కంపోజ్ చేసిన పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. ఆయన పని తలుచుకుంటే నాకు ముందు ఆ కార్డే గుర్తొస్తుంది.

* * *

2015 డిసెంబరు ఒకటో తేదీ రాత్రి సంగతి అందరికీ తెలుసు. తాంబరంలో ఒక్కరోజులో 49 సెంటీమీటర్ల వాన. చెంబరంబాక్కం చెరువు నించి 29,000 క్యూసెక్కులు వదిలారు. అడయార్ రెండు గట్లూ దాటింది. జాఫర్‌ఖాన్‌పేట, ఈక్కాట్టుతాంగల్, సైదాపేట, కోట్టూర్‌పురం. తరవాత ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక కూడా అది మనుషుల వల్ల వచ్చిన విపత్తేనని తేల్చింది. కాగ్ చెప్పక ముందు కూడా నాన్న చెబుతూనే ఉండేవారు. టీనగర్ మాంబళం పెద్ద చెరువు పూడ్చి కట్టిన ఊరు, పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరు, పానగల్ రాజావారి పేరు పెట్టుకుని మనం తెలుగువాళ్ళం మురుసుకుంటాం గానీ, ఆ చెరువుకి రావాల్సిన నీళ్ళు మాత్రం పాత దారి మరిచిపోవని. వళ్ళువర్ కోట్టం నుంగంబాక్కం చెరువులో కట్టిందే. వేళచేరి, పళ్ళికరణై సంగతి సరేసరి. చిత్తడినేలలో అంతెత్తు బిల్డింగులు.

రెండో తేదీ పొద్దున నాన్న వాకిట్లో పేపరు కోసం చూస్తూ నిలబడ్డారు. హిందూ పత్రిక ఆ రోజు అచ్చు కాలేదు. 1878లో మొదలయ్యాక వానకి అలా ఆగిపోవడం అదే మొదటిసారి అని తరవాత తెలిసింది. పనివాళ్ళు ప్రెస్సుకి చేరలేకపోయారు. ఎనభై దాటిన నాన్నకి కరెంటు పోయినా, నీళ్ళు లేకపోయినా అంత బెంగ అనిపించలేదు. పేపరు రాలేదంటే మాత్రం, "ప్రెస్సు మునిగిందంటావా?" అని పదేపదే అడిగారు.

అక్క కుటుంబం ఏటిగట్టునించి ఎలా బయటపడిందో చెబితే ఒళ్ళు జలదరిస్తుంది. సముద్రం ఒడ్డు కుప్పాలనించి జాలర్లు పడవలు లారీలకెక్కించి తెచ్చి, వీధుల్లో నడిపి జనాన్ని తీసుకెళ్ళారు. అక్కనీ, మనవరాలినీ అలాగే ఒక పడవలో కాశీ థియేటర్ వైపు రోడ్డు మీదకి చేర్చారు. గుడిసె ఉన్నచోట తరవాత చూస్తే ఒండ్రు తప్ప ఏమీ లేదు. రేషన్ కార్డు మాత్రం నడుముకి కట్టుకుని ఉంది.

నేనప్పుడు సైదాపేట వైపు బ్రాంచిలో ఉన్నాను. మా బ్రాంచిలోనూ మోకాలిలోతు నీళ్ళు. బ్లీచింగ్ పౌడర్ చల్లి, కడిగి, జనరేటరు పెట్టి తెరిచాం. ఈసారి వచ్చినవి పాసుబుక్కులు కాదు, నోట్లు. పోపుల డబ్బాలో, తలగడలో, దేవుడి పటం వెనక దాచుకున్నవి ముద్దగా తెచ్చేవాళ్ళు. నోటు మార్చడానికి అప్పటి రూలు, యాభై రూపాయలు, ఆపైన నోటులో 65 శాతానికి మించి విడిపోని ముక్క ఉంటే పూర్తి డబ్బు, 40 నించి 65 దాకా అయితే సగం. అందుకని చిరక్కుండా విడదీయడమే అసలు పని. కౌంటరు ముందు కస్టమరు, వెనక నేను, మధ్యలో ఆ ముద్ద. ఈనె జారుతున్నంతసేపూ ఆ మనిషి ఊపిరి తీయడం ఆపేవాడు. పక్క కౌంటరు కుర్రాడికి నేర్పాను. వాడి వేలు పట్టుకుని, ఇదుగో ఇప్పుడు అని.

సాయం ఈసారి టోకెన్లతో కాదు, డబ్బు నేరుగా ఖాతాలో వేశారు. మంచి పనే. తోపులాట లేదు. కానీ ఖాతా ఉండాలి, దానికి ఆధారం ఉండాలి, అది ఏట్లో పోయింది. కాయితం పోయిందని చెప్పడానికి ఇంకో కాయితం కావాలి. అక్క చేత నేను ఫారాలు నింపిస్తూ ఉంటే, "2005లో టోకెన్ను పట్టుకొచ్చుంటే ఇది తప్పేదా పాపా" అని అడిగింది. ఆమె నిజంగానే అడిగింది. అవి వేరు, ఇవి వేరు అని చెప్పాను.

మరుసటి డిసెంబరు పెద్దనోట్ల రద్దు మధ్యలో వర్దా తుఫాను. చెట్లు కూలని వీధి మిగల్లేదు, కరెంటు లేదు, ఏటీఎం లేదు. అప్పుడొక ముసలామె పాత అయిదువందల నోట్లు తెచ్చింది. ప్రతి నోటు మీదా గాంధీగారి బుగ్గ దగ్గర ఒకే ఎత్తులో బురద గీత. వరదలో తడిస్తే ఆరబెట్టుకుని, కర్మకాండ ఖర్చుకని మళ్ళీ దాచిపెట్టుకున్నవి. వాటిని డిపాజిట్ చేయించి, కొత్త నోట్లు చేతిలో పెట్టడానికి ఆ రోజు నాదగ్గర సరిపడా లేవు. మర్నాడు రమ్మంటే వానలో నడిచి వచ్చింది.

* * *

2015 తరవాత ఏటిగట్టు వాళ్ళని పెరుంబాక్కం తరలించారు. ఎనిమిదంతస్తుల బ్లాకులు, వరసలు వరసలుగా. సునామీలో పోగొట్టుకున్నవాళ్ళలో కొందరిని అంతకుముందే సెమ్మంచేరికి పంపారు. రెండూ పళ్ళికరణై చిత్తడి దగ్గరే. నీళ్ళనించి తప్పించామని మళ్ళీ నీళ్ళు నిలిచే చోటికే పంపడం ఏం న్యాయమో నాకు అర్థం కాదు. మా ఇంటికి రావాలంటే అక్కకి రెండు బస్సులు మారాలి. కొన్నాళ్ళు వచ్చింది. తరవాత మోకాళ్ళు సహకరించక మానేసింది. ఆ మోకాళ్ళ కోసమే బతిమాలి కింది అంతస్తు ఇల్లు ఇప్పించుకుంది.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు ఆ కింది ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. మూడోనాడు గానీ ఫోను కలవలేదు. ముందు నాన్న సంగతి అడిగింది. నాన్న అప్పటికే లేరు, ఆమెకి తెలుసు, కంగారులో మరిచిపోయింది. ఇద్దరం కాసేపు ఫోను పట్టుకుని ఊరుకున్నాం. మిక్సీ, పరుపులు, బియ్యం పోయాయి. మనవరాలి ప్లస్ టూ పుస్తకాలు తడిశాయి. "ఎండలో పెట్టలేదులే, అన్న చెప్పినట్టే నీడన పెట్టినా" అంది.

ఈసారి ఆరువేలు రేషన్ షాపులో చేతికే ఇచ్చారు. టోకెను ఇంటికే తెచ్చి ఇచ్చారట, మీద తేదీ, వేళ రాసి. ఆ వేళకి వెళితే ముందు కొంతమందే ఉన్నారట. "నా వంతు వచ్చేదాకా కుర్చీ వేశారు పాపా" అని రెండుసార్లు చెప్పింది. ఇలా చెయ్యవచ్చని 2005లోనే ఎవరికైనా తట్టి ఉంటే ఆ పక్క గుడిసామె ఈరోజు ఉండేది.

ఇప్పుడు అక్కకి పై అంతస్తు కావాలి. మూడో అంతస్తు చాలట, లిఫ్టు పనిచేస్తే. అర్జీ నేనే తెలుగులో ఆమె చెప్పింది విని తమిళంలో రాసిచ్చాను, డాక్టరు సర్టిఫికెట్టు జతచేశాం, నకలు నా దగ్గర ఉంచుకున్నాను. ఆఫీసులో తీసుకున్నారు గానీ జవాబు లేదు. ఈ వానలు ముదరకముందే ఆమెతో కలిసి వెళ్ళి అడగాలి, వచ్చే మంగళవారం అనుకున్నాం.